ఎలుకకి తగ్గితే మనకీ తగ్గినట్టేనా?

మొన్న మధ్యాహ్నం పక్కింటి వదినగారు ఓ పొడి డబ్బా తెచ్చి చూపించారు. నెల రోజులుగా ఆవిడకి పొట్ట ఉబ్బరం. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోందట. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఆ పొడి వేసుకుంటున్నారు. డబ్బాతో ఇచ్చిన కాగితంలో, అది రోగనిరోధక శక్తిని పెంచి కడుపులో గడ్డల్ని కరిగిస్తుందనీ, ఎలుకల మీద రుజువైందనీ రాసి ఉంది. "ఎలుకలకి తగ్గిందంటే ఎంతో కొంత నిజం ఉండే ఉంటుంది కదా?" అన్నారు.

ఎలుకల్లో గడ్డల్ని అడ్డుకునే కణాలున్న మాట నిజమేనండీ. ఆ కథ వింటే ఈ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది.

మన ఒంట్లో రోగాలతో పోరాడే తెల్ల కణాల్లో చాలా రకాలున్నాయి. టి కణాలు కొన్ని పోలీసుల్లాంటివి. కొత్త శత్రువు వస్తే ఆనవాలు పట్టి, బలగం పెంచుకుని రావడానికి వాటికి రోజులు పడుతుంది. ఎన్.కె.టి. కణాలు అలా కాదు. వీధి అరుగు మీద కూర్చున్న మామ్మగారి లాంటివి. కొత్తమనిషి కనిపిస్తే చాలు, కేక వేసి వీధివీధినీ లేపుతారు చూడండి, అలాగే ఇవి కొద్ది గంటల్లోనే రసాయనాలు విడుదల చేసి మిగతా కణాల్ని ఉసికొల్పుతాయి.

జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో మసారు తానిగుచి గారి బృందం ఈ కణాలు లేని ఎలుకల్ని తయారుచేసింది. ఇంటర్‌ల్యూకిన్-12 అనే మందు ఇస్తే మామూలు ఎలుకల కాలేయంలో కేన్సరు గడ్డలు అణిగాయి. ఈ కణాలు లేని ఎలుకల్లో అదే మందు పనిచేయలేదు. ఇది 1997 నాటి మాట. ఒకినావా సముద్రంలో దొరికే ఒక స్పాంజి జీవి నుంచి తీసిన కొవ్వులాంటి పదార్థం ఈ కణాల్ని నిద్రలేపుతుందని కూడా ఆ ఏడాదే తేలింది. ఆ పదార్థాన్ని ముందుగా బయటికి తీసింది ఎవరనుకున్నారు? బీరు తయారీకి పేరుపడ్డ కిరిన్ కంపెనీవాళ్ళు!

మరి మనుషుల మాటేమిటి? నెదర్లాండ్స్‌లో 24 మంది కేన్సరు రోగులకి ఆ మందు ఇచ్చి చూసి, ఫలితాలు 2002లో ప్రకటించారు. మందు ఒంటికి పడింది కానీ, గడ్డలు మాత్రం కరగలేదు. ఎలుక కాలేయంలోని లింఫోసైట్లనే తెల్ల కణాల్లో నూటికి 20 నుంచి 30 దాకా ఎన్.కె.టి. కణాలే ఉంటాయి. మన కాలేయంలో నూటికి ఒకటి ఉంటే గొప్ప. అరుగుకో మామ్మగారు ఉన్న వీధికీ, ఊరంతటికీ ఒక్కరే ఉన్న చోటుకీ తేడా ఉండదూ? శాస్త్రవేత్తలు ఇంకా కృషి చేస్తూనే ఉన్నారు. ఎలుకలో ఫలించింది ఆశే తప్ప, అప్పుడే మందు కాదు.

అందుకే చెబుతున్నాను. పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి రావడం... ఇవి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే గ్యాసేలే అని ఊరుకోకండి. చాలాసార్లు అది చిన్న విషయమే అవుతుంది. కానీ అండాశయ కేన్సరు మొదట్లో ఇలాగే, ఏమీ ఎరగనట్టు వస్తుంది. ముఖ్యంగా నలభై, యాభై దాటినవాళ్ళు స్త్రీల వైద్యురాలికి చూపించుకోవాలి. అవసరమైతే ఆవిడే స్కానింగు, రక్తపరీక్ష రాసిస్తారు. ఇంట్లో అందరి మందులూ వేళకి అందిస్తాం, మన దగ్గరికొచ్చేసరికి "రేపు చూద్దాంలే" అంటాం. ఆ రేపు నెలలు కాకూడదు.

వదినగారు డబ్బాకి మూత పెట్టేశారు. సోమవారం పొద్దున్న వంట త్వరగా ముగించుకుని ఇద్దరం ఆస్పత్రికి వెళుతున్నాం. మీరూ అలాంటి డబ్బా ఏదైనా దాచుకుంటే, ముందు డాక్టరుగారికి చూపించండి.