చామంతి చుట్టం... దోమకు శత్రువు!

వానలు మొదలయ్యాయంటే చాలు, ఇంటినిండా దోమలే. కాయిల్ వెలిగిస్తాం, రీఫిల్ పెడతాం, బ్యాట్ పట్టుకుని వెంటపడతాం. ఈ కాయిల్‌కి మూలం ఓ పువ్వని తెలుసా?

దాని పేరు పైరెత్రమ్. చామంతి కుటుంబానికి చెందిన తెల్లపూల మొక్క. పుట్టిల్లు అడ్రియాటిక్ తీరంలోని డాల్మేషియా. ఈ పూలలోని పైరెత్రిన్లు పురుగుల నాడీవ్యవస్థను దెబ్బతీస్తాయి. 1890లో జపాన్‌కు చెందిన ఎయిచిరో ఉయెయామా ఈ పూలపొడితో అగరుబత్తిలాంటి పుల్ల తయారుచేశాడు. అది గంటలోపే కాలిపోయేది. మరి రాత్రంతా మండేదెలా? చుట్టలా చుట్టమని సలహా ఇచ్చింది ఆయన భార్య యూకి. అలా 1902లో కాయిల్ మార్కెట్లోకి వచ్చింది. మన దగ్గర డెంగీ కేసు తేలిన ఇళ్లలో ఆరోగ్య సిబ్బంది పిచికారీ చేసేది కూడా పైరెత్రమ్ సారమే. 2 శాతం మందు ఒక వంతుకి 19 వంతుల కిరోసిన్ కలుపుతారు.

అయితే ఎండ తగిలితే ఈ మందు తొందరగా విరిగిపోతుంది. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని అనుకరిస్తూ, 1949లో వచ్చిన అల్లెత్రిన్ మొదలుకొని ఎన్నో పైరెత్రాయిడ్లు తయారుచేశారు. ఇప్పటి కాయిళ్లు, రీఫిళ్లలో ఎక్కువగా ఉండేవి ఇవే. ఏళ్లతరబడి వాడేసరికి డెంగీని మోసే ఈడిస్ దోమలు చాలా దేశాల్లో వీటికి మొండికేశాయి. పువ్వు సారం, కృత్రిమ మందు దెబ్బకొట్టేది ఒకేచోట. కాబట్టి ఒకదానికి లొంగనిది రెండోదానికీ అంత తేలిగ్గా లొంగదు.

వేప దారి వేరు. గింజల్లోని అజాడిరాక్టిన్, దోమపిల్ల కుబుసం విడవడానికి కావలసిన హార్మోన్లను గందరగోళపరుస్తుంది. ఇక అది ఎదగదు, దానికి రెక్కలూ రావు. కాకపోతే ఇదీ ఎండకు నిలవదు. మళ్లీ మళ్లీ వాడాల్సిందే.

'మొక్కల మందేగా' అన్న ధీమా మాత్రం వద్దు. పైరెత్రమ్ చేపలకు విషం. వేపనూనె పసిపిల్లలకు తాగిస్తే ప్రాణం మీదికే రావచ్చు. ఏ పేరు పెట్టినా పొగ పొగే. ఒక్క కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన సన్నని ధూళికణాలు వెలువడతాయని 2003లో ఓ అధ్యయనం తేల్చింది. తలుపులన్నీ బిగించి కాయిల్ వెలిగించేవారు ఒక్కసారి ఆలోచించాలి.

గుడ్డు పొదిగి దోమగా ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్లలోని నీళ్లు పారబోయండి. ఈడిస్ గుడ్లు అంచులకు అతుక్కుని ఉంటాయి కనుక పీచుతో గట్టిగా రుద్దండి. ఆ తర్వాతే పువ్వయినా, వేపయినా!