నెలలు నిండని బిడ్డకూ నొప్పి తెలుసు

పోయిన నెలలో పుంగనూరు వెళ్ళాను. మా సంఘంలో చాలాకాలంగా పనిచేస్తున్న ఒకామె కూతురికి ఏడో నెల నిండీ నిండకముందే కాన్పయింది. ఆడబిడ్డ, 1300 గ్రాములు. మూడు వారాలకు పైగా బాక్సులో ఉండి, బతికి బయటపడింది. ఇంటికి పంపేముందు ఆసుపత్రిలో కళ్ళు పరీక్ష చేశారు. రెండు వారాలకు మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఆ రెండోసారికి వీళ్ళు వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదని అడిగాను. "నన్ను బయటికి పొమ్మనేసినారు పెద్దమ్మా. తలుపు సందులో నుంచి చూస్తే కంటిరెప్పలు ఇనప కమ్మీతో విప్పి పెట్టినారు. బిడ్డ గొంతు చించుకొని ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి ఊరకైపాయ. సచ్చిపోయిందే అనుకుంటి. మళ్ళా ఆడికి ఎత్తకపోయేదానికి నాకు మనసొప్పలే" అంది. పక్కనే ఉన్న అత్తగారు, ఆడబిడ్డకు ఇన్ని ఖర్చులెందుకని గొణిగింది. అది వేరే కథ.

నాకు ముందు ఆ అమ్మాయి మీద కోపమే వచ్చిందని ఒప్పుకోవాలి. ఎందుకంటే ఈ పరీక్ష తప్పిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కంటి వెనక ఉండే రెటీనా పొరలో రక్తనాళాలు ఇంకా పూర్తిగా అల్లుకుని ఉండవు. పుట్టాక అవి అడ్డదిడ్డంగా పెరిగితే ఆ పొర ఊడిపోయి చూపు పోతుంది. ప్రాణం నిలపడానికి పెట్టిన ఆక్సిజన్ మోతాదు మించినా ఈ ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని ఆర్.ఓ.పి. అంటారు. పైకి ఏమీ కనబడదు. అందుకే మన దేశంలో 34 వారాల లోపు పుట్టిన బిడ్డలకూ, 2000 గ్రాముల లోపు బరువున్న బిడ్డలకూ 30 రోజుల్లోగా మొదటి పరీక్ష జరగాలన్నారు. మరీ చిన్నవాళ్ళకు ఇంకా ముందే. ఆ తర్వాత పొర ఎదిగేదాకా వారానికో రెండు వారాలకో చూపిస్తూ ఉండాలి. జబ్బు ముదిరిందని తేలితే లేజర్ వైద్యానికి మిగిలేది రెండు మూడు రోజుల గడువే.

కానీ ఆ తల్లి చూసింది అబద్ధం కాదు. రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెడతారు. కళ్ళలోకి గట్టి వెలుతురు వేస్తారు. కొక్కెంలాంటి చిన్న పరికరంతో కనుగుడ్డును నొక్కి తిప్పుతారు. బిడ్డ గుండె వేగం పెరుగుతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, ఒక్కోసారి ఊపిరి కాసేపు ఆగుతుంది కూడా. బానీ స్టీవెన్స్ అనే నర్సు, ఆమె సహచరులు కలిసి నెలతక్కువ బిడ్డల నొప్పిని కొలిచే పట్టిక ఒకటి తయారుచేసి 1996లో ప్రచురించారు. అందులో చూడవలసిన గుర్తుల్లో ఒకటి బిడ్డ కళ్ళు గట్టిగా మూసుకోవడం. క్లిప్పు పెట్టిన బిడ్డకు ఆ ఒక్క గుర్తు చూపించే వీలు కూడా లేదు!

"అంత చిన్నదానికి ఏం తెలుస్తుందమ్మా" అనే మాట మన ఊళ్ళ వాళ్ళదే అనుకోకండి. 1985లో అమెరికాలోని వాషింగ్టన్‌లో జెఫ్రీ లాసన్ అనే నెలతక్కువ బిడ్డకు మత్తు ఇవ్వకుండా, కదలకుండా చేసే మందు మాత్రమే ఇచ్చి గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. బిడ్డ చనిపోయాక తల్లి జిల్ లాసన్ ఈ సంగతి తెలుసుకుని నిలదీస్తే, అలాంటి బిడ్డలకు నొప్పి తెలుస్తుందని ఎవరూ రుజువు చేయలేదన్నారు. ఆమె ఊరుకోలేదు. 1986లో పత్రికలకెక్కింది. మరుసటేడే మన దేశంలో చదువుకుని వెళ్ళిన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, హికీ అనే సహచరుడితో కలిసి, పసికందులకు నొప్పి తెలుస్తుందనే ఆధారాలన్నీ ఒకచోట చేర్చి ప్రచురించాడు. నొప్పిని అణిచే నరాల ఏర్పాటు ఇంకా ఎదగనందున వీళ్ళకు బాధ ఎక్కువే కావచ్చునని ఇప్పుడు డాక్టర్లే అంటున్నారు.

సరే, ఏం చేయాలి? పరీక్ష మానడం కాదు. పరీక్షకు ముందు కళ్ళలో తిమ్మిరి చుక్కలు వేయాలి. బిడ్డ కాళ్ళూ చేతులూ దగ్గరికి మడిచి మెత్తని గుడ్డలో చుట్టాలి. రెండు నిమిషాల ముందు నాలుక మీద తల్లి పాలో చక్కెర ద్రావణమో కొద్ది చుక్కలు వేయాలి. కడుపునిండా మాత్రం పట్టకూడదు, వాంతి అయితే ప్రమాదం. తల్లిని లోపలే ఉండనివ్వాలి. అయిపోగానే ఆమె గుండెకు ఆనించాలి. వీటితో నొప్పి పూర్తిగా పోదు గానీ తగ్గుతుంది. ఇందులో ఏ ఒక్కదానికీ పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. తల్లి పాలకు టెండరు పిలవక్కర్లేదు కదా.

ఐదు రోజులు ఆలస్యంగానైనా ఆ అమ్మాయిని వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నర్సమ్మతో ముందే మాట్లాడాను. ఆమె విసుక్కోలేదు, తానే గుడ్డ తెచ్చి బిడ్డను చుట్టింది. బిడ్డ ఏడ్చింది, కానీ తల్లి ఎదకు ఆనించిన కాసేపటికే ఊరుకుంది. పొర ఇంకా ఎదగాలి, పదిహేను రోజులకు రండి అన్నారు. ఈసారి ఆ అమ్మాయి తేదీ తానే అడిగి చీటీ మీద రాయించుకుంది.

1996లో చెన్నై ఎగ్మూరు ప్రభుత్వాసుపత్రిలో 29వ వారంలో పుట్టిన ఒక ఆడబిడ్డకు ఈ పరీక్ష చేయించాలని ఇంట్లోవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చూపు పోయింది. ఆ బిడ్డకు కోటీ 38 లక్షల రూపాయలకు పైగా పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పేసరికి 2015 వచ్చింది. చెప్పకపోవడం తప్పని కోర్టు తేల్చింది. చెప్పి కూడా తల్లిని గది బయట నిలబెట్టి, బిడ్డ నొప్పిని పట్టించుకోక, ఆమె మళ్ళీ రాకుండా చేస్తే, "తల్లికి బాధ్యత లేదు" అని రాసుకోవడం ఏం న్యాయం? కూలి వదులుకుని, పచ్చి బాలింత, పుంగనూరు నుంచో మదనపల్లె నుంచో తిరుపతికో బెంగుళూరికో బస్సులో పోవాలి. కుప్పం వాళ్ళకైతే రైలుంది, అంతే తేడా. ఇన్ని దాటుకుని వచ్చిన మనిషిని తలుపు దగ్గర ఆపేస్తున్నారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పనిచేస్తున్న మిత్రులు తమ దగ్గరి ఆసుపత్రుల్లో ఒక్క పూట కూర్చుని చూడండి. తిమ్మిరి చుక్కలు వేస్తున్నారా, బిడ్డను గుడ్డలో చుడుతున్నారా, తల్లిని లోపలికి రానిస్తున్నారా, రెండోసారి రాని బిడ్డ కోసం ఆశా కార్యకర్తకు కబురు వెళ్తోందా? తల్లుల పేర్లు వద్దు, వాళ్ళ మాటలు చాలు. మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం, జిల్లా వైద్యాధికారులకూ పంపుతాం.