తమ్గా ఝూట్ చెప్పదు, మనమే చెప్తాం

మా ఇంటి సందూక్‌లో ఒక వెండి తమ్గా ఉంది. "మన పర్‌నానా 1857 గదర్‌లో ఫిరంగీల మీద జంగ్ చేసి సంపాదించింది" అని చిన్నప్పటి నుంచీ విన్నాను. అరే భాయ్, ఫిరంగీ మీద కత్తి దూసినవాడికి ఫిరంగీ బాద్‌షా బొమ్మతో తమ్గా ఎవరిస్తారు?

మొన్న భూతద్దం పెట్టి చూశాను. ముందువైపు ఐదో జార్జి. ఆయన తఖ్త్ ఎక్కిందే 1910లో. బొమ్మ చుట్టూ ఇంగ్లీషు అక్షరాల్లో 'కైసర్-ఎ-హింద్'. ఈ రకం తమ్గాల మీద 1930 ప్రాంతంలో ఆ ఖితాబు తీసేసి లాటిన్ మాటలు వేశారు. అంటే ఇది అంతకు ముందుది. రిబ్బన్ కింది పట్టీ మీద 'మలబార్ 1921-22'. అంచు మీద నంబరు, పల్టన్, పర్‌నానా నామ్.

మలబార్ అంటే తెలుసుగా? మాప్పిళ్ల తిరుగుబాటును అణిచిన ఫౌజుకిచ్చిన పట్టీ అది.

మామూజాన్‌కి చెప్తే, "బచ్చాలకు చెప్పకు, ఇజ్జత్ పోతుంది" అన్నారు. నేను ఒప్పుకోను. పర్‌నానా రోటీ కోసం వెళ్లాడో, షౌక్‌తో వెళ్లాడో అల్లాకే తెలుసు. ఆయన మీద ఫైసలా చెప్పే హక్ నాకు లేదు. కానీ ఝూటా ఫఖర్ పిల్లలకు విరాసత్‌గా ఇచ్చే హక్ కూడా మనకు లేదు.

మీ ఇంట్లో తమ్గా ఉంటే చింతపండుతో తోమకండి, కరిగించడానికి ఇవ్వకండి. అంచు చదవండి. అంచు పల్చబడి ఉంటే, పాత పేరు అరగదీసి కొత్తది చెక్కారేమోనని షక్ పడండి. తర్వాతే కహానీ చెప్పండి.