గాలపుకర్ర యెంత పొడవుండాలి?

దేశసమస్యల మీద, నిరుద్యోగం మీద, కవిత్వం మీద రాసేవారికి సావనీరులో యెప్పుడూ కొదవ వుండదు. మధ్యలో ఒకడు చేపల గాలం గురించి నాలుగు ముక్కలు రాసినంత మాత్రాన సంపాదకవర్గం వారు కోప్పడరనే ధైర్యంతో కలం పట్టాను. నవ్వేవారు నవ్వవచ్చు. కాని ఆదివారం వస్తే గాలం భుజాన వేసుకుని బయల్దేరే మిత్రులు మనలో తక్కువేమీ లేరు. ఈమధ్య వారిలో కొందరు ఫోనులో వీడియోలు చూసి, మూడు నాలుగు వేలు పోసి, పొడుగుపాటి కార్బన్ కర్రలు తెప్పిస్తున్నారు. పంపింది ఇంటివాళ్లు, మెస్ ఛార్జీలకని. తీరా చెరువుగట్టున కూర్చుంటే ఒక్క పరిగె కూడా పడదు. పక్కనే నలభై రూపాయల వెదురుకర్రతో కూర్చున్న ముసలాయన బుట్ట నిండుతూ వుంటుంది. ఇదేమి మాయ?

మాయేమీ లేదు. ముసలాయన కర్ర ఆ నీటి కోసం నరికింది. మనవాడి కర్ర మరో దేశపు నీటి కోసం చేసింది. నా అభిప్రాయం ఒక్క మాటలో చెబుతాను. కర్ర పొడవును తేల్చవలసింది మనం నిలబడే చోటికీ చేప వుండే చోటికీ మధ్యనున్న దూరం. ఆ తరువాత చూడవలసింది చేప నోరు. ఆ తరువాత మన చెయ్యి. ధర సంగతి ఆఖరున.

మా కశింకోట పరిసరాలే తీసుకోండి. వానాకాలంలో నిండుగా పారే శారదానది వేసవికి ఇసుకలో మడుగులుగా మిగిలిపోతుంది. మడుగు ఒడ్డున చేదుపరిగెల కోసం, చిన్న జెల్లల కోసం కూర్చునేవాడికి 6, 7 అడుగుల సన్నవెదురు చాలు. చెట్లకొమ్మలు నీటి మీదికి వంగివున్నచోట అంతకుమించిన కర్ర యెత్తితే చేపకు బదులు కొమ్మే తగులుకుంటుంది. చెరువుగట్టు దగ్గర లెక్క వేరు. అక్కడ ఒడ్డున రెండు గజాల మేర తుంగ, నాచు పెరిగి వుంటాయి. వాటిని దాటితేగాని గాలానికి నీరు దొరకదు. 10 అడుగులకు తగ్గితే అక్కడ పని జరగదు. ఇక కొండకర్ల ఆవలో వున్నట్టు తామరాకుల నడుమ చిన్నచిన్న ఖాళీలు మాత్రమే వుండే నీటిలో యెర విసరటం కుదరని పని. 10, 12 అడుగుల కర్ర చాచి, ఖాళీలోకి నిలువుగా దించాలి.

వీడియోలో కనిపించే ఆ అమెరికా కర్ర కూడా సరిగ్గా ఇలాంటి అవసరంలోంచే పుట్టింది. అక్కడి మంచినీటి సరస్సుల్లో క్రాపీ అనే చేప మునిగిన చెట్లకొమ్మల్లో గుంపుగా దాగివుంటుంది. దానికి 'జిగ్' వేస్తారు. అనగా సీసపు తలకు యీకలో వెంట్రుకలో కట్టిన చిన్న గాలం, బరువు గ్రామో రెండు గ్రాములో. కొమ్మల సందుల్లోకి దాన్ని నిలువుగా దించటానికి 10, 12 అడుగుల కర్ర వాడతారు. అదే మనిషి పడవలోంచి దూరంగా విసరదలిస్తే 5, 6 అడుగుల కర్ర అందుకుంటాడు. క్రాపీ నోరు కాగితంలా పలచన. గట్టికర్రతో గుంజితే చిరిగిపోతుంది. అందుకని కొస మెత్తగా వుంటుంది. మన కొర్రమీను నోరు యెముక, పళ్లు! ఆ మెత్తని కొసతో లాగితే గాలం దిగదు. దిగినా అది క్షణంలో నాచులో దూరి దారం చుట్టేస్తుంది. పొడవు ఒకటే అయినా బిగువు వేరు కావాలి.

బి.యస్సీ. ఫిజిక్సు మిత్రులకు కాంటిలీవర్ ప్రయోగం గుర్తుండే వుంటుంది. స్కేలును బల్లకు బిగించి, కొసన బరువు వేలాడదీసి, యెంత వంగిందో కొలుస్తాం. వంపు పొడవు ఘనాన్నిబట్టి పెరుగుతుంది. మందం మారకుండా 8 అడుగుల కర్రను 10 అడుగులు చేస్తే వంపు దాదాపు రెట్టింపు. 16 అడుగులు చేస్తే 8 రెట్లు! పైగా పొడవు రెట్టింపైతే, కొసన అంతే బలంతో లాగే చేప మణికట్టు మీద రెట్టింపు భారం వేస్తుంది. రికార్డులో రాసి సంతకం పెట్టించుకున్న ఈ సూత్రాన్ని చెరువుగట్టు దాకా తీసుకువెళ్లటం మనం మరిచిపోతాం. ప్రయోగశాల మొహం చూడని పల్లెవాడు మాత్రం మొదలు లావుగా, కొస సన్నగా వున్న ముదురువెదురే యేరుకుంటాడు. కణుపులు దగ్గరగా వుండాలంటాడు. నీడలో ఆరబెడతాడు. కర్రను ఒకసారి వూపి చూస్తాడు. కొస వెంటనే నిలబడితే మంచిది. చాలాసేపు వూగుతూ వుంటే చేప తాకిడి చేతికి తెలియదు. దారం కర్రంత పొడవే కడతాడు. కర్ర నిలబెట్టగానే చేప చేతిలోకి వస్తుంది.

"కార్బన్ తేలిక కదా?" అంటారు. నిజమే. 12 అడుగుల వెదురును పూటంతా చాచి పట్టుకుంటే భుజం లాగేస్తుంది, అంత పొడవు తప్పనిసరైనచోట కార్బన్ కొనటం తప్పని నేననను. కాని ఒక్క హెచ్చరిక. కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన పొలాల్లో మోటార్లకు లాగిన తీగలు కిందికి వేలాడుతూ వుంటాయి. వాటికింద పొడుగుకర్ర పైకెత్తితే చేప సంగతి అటుంచి, మనిషే దక్కడు. తడిసిన వెదురుకూ ఆ ప్రమాదం లేకపోలేదు. గాలం విప్పేముందు తల పైకెత్తి చూడటం అందరికీ మంచిది.

మరో మాట. చాలా చెరువులు మత్స్యకారుల సంఘాల పాటలో వుంటాయి. అడిగి వెయ్యటం మర్యాద. వానల్లో కొర్రమీను జంట ఎర్రని పిల్లల గుంపుకు కాపలా కాస్తుంది. యెర వేస్తే కోపంతో వచ్చి కరుస్తుంది కూడా. ఆ సులువైన చేపను పడితే వెనుక వందల పిల్లలు దిక్కులేనివవుతాయి. తెగిన నైలాను దారం నీటిలో వదిలితే పిట్టల కాళ్లకు చుట్టుకుంటుంది. జేబులో పెట్టుకు రావటానికి బరువేమీ కాదు.

కనుక మిత్రులారా, ఈ ఆదివారం కర్ర కొనకండి. వట్టి చేతులతో వెళ్లి గట్టున ఓ గంట కూర్చోండి. నాచు యెంతదాకా వుందో, నీరు యెక్కడ లోతో, బుడగలు యెక్కడ లేస్తున్నాయో చూడండి. అడుగులు లెక్కపెట్టండి. ఆ లెక్కే మీ కర్ర పొడవు.