తెఱచినవా రెందఱు? వచ్చినవా రెందఱు?

ఊరగాయ లమ్ముకొను నొక సోదరి తన వెబ్‌సైటునకు జనులు వచ్చుటకై ఈమెయిలు వార్తాలేఖలో ప్రకటన వేయించినది. వేలమంది లేఖను తెఱచిరని లెక్క చూపి రుసుము గైకొనిరట. సైటునకు వచ్చినవారు పదుగురైన లేరు. ఆవకాయ మంచిదే, మేమును రుచి చూచితిమి.

ఇందు మోసమే యుండనక్కఱలేదు. లేఖలో దాచిన కంటి కానరాని బొమ్మ దిగుమతి యైనచో లేఖ తెఱవబడినట్లు లెక్క. 2021లో యాపిల్ సంస్థ తన మెయిలులో తెచ్చిన గోప్యతా ఏర్పాటును ఎంచుకొన్నవారికి, లేఖను చూడకున్నను ఆ బొమ్మ ముందే దిగుమతి కావచ్చును.

సోదరీమణులారా, ఎందఱు లింకు నొక్కిరో యడుగుడు. ప్రకటనకు ప్రత్యేకముగా నొక లింకు పెట్టించినచో ఆ లెక్క మీ సైటులోనే కానవచ్చును. నొక్కినంతకే రుసుమిచ్చు పద్ధతియు గలదు. తొలిసారి అదియే మేలని మాకు దోచుచున్నది.