అల్మారాలో కొలువైన కులం

ఎనభైల సినిమాల మీద జ్ఞాపకాల వరద మొదలైతే చాలు, ఒక జాబితా తయారవుతుంది. ఇంట్లో తప్పకుండా దాచుకోవాల్సిన క్లాసిక్స్ అట. శంకరాభరణం, సప్తపది, స్వయంకృషి. పిల్లలకు చూపిస్తే ‘మన సంస్కృతి’ తెలుస్తుందట. ఒకప్పుడు వీడియో క్యాసెట్లు, తర్వాత డీవీడీలు, ఇప్పుడు హార్డ్‌డిస్కులు. పెట్టె మారింది గానీ జాబితా మారలేదు.

మిత్రులారా, ఇంట్లో సినిమా దాచుకోవాలంటే ముందు ఇల్లుండాలి, ఇంట్లో అల్మారా ఉండాలి. ఎనభైల్లో మన వాడల్లో వీసీఆర్ అంటే పండగకో పెళ్ళికో అద్దెకు తెచ్చి, తెల్లారేలోపు తిరిగిచ్చే వస్తువు. కాబట్టి ఏది దాచుకోవాలో తేల్చినవాళ్ళు దాచుకునే చోటున్నవాళ్ళే. ‘మన’ అనే మాటలో మనం లేకపోవడం అక్కడే మొదలైంది.

ఈ సినిమాలు బాగోలేవని నేననడం లేదు. మహదేవన్ సంగీతం బాగుంటుంది. సోమయాజులు నటన బాగుంటుంది. చిక్కంతా ఆ బాగుండటంలోనే ఉంది. చెత్త సినిమాలో కులం ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. అందమైన సినిమాలో అయితే అది కన్నీళ్ళతో కలిసి గొంతు దిగిపోతుంది.

1980లో వచ్చిన శంకరాభరణం చూడండి. తులసి దేవదాసి ఇంటి బిడ్డ. గుళ్ళలో, కొలువుల్లో ఆటనూ పాటనూ తరతరాలుగా మోసింది ఆ కళావంతుల ఆడవాళ్ళే. సినిమాలో మాత్రం సంగీతం శాస్త్రిగారి సొత్తు, ఆమె ఆయన పాదధూళి. జమీందారు చేసిన అత్యాచారం వల్ల పుట్టిన కొడుకు ఆయన శిష్యుడైతేనే ఆమె బతుకుకు అర్థం. చివరికి ఆయన పాదాల దగ్గరే ప్రాణం పోవాలి. కళ ఎవరిదో చరిత్ర ఒకటి చెబితే కథ ఇంకొకటి చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. అదే కాలంలో తెలంగాణలో జోగినులుగా, చిత్తూరు వైపు మాతమ్మలుగా దళిత ఆడపిల్లల్ని దేవతకు అంటగడుతూనే ఉన్నారు. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం 1988లో గానీ రాలేదు. తులసి కోసం ఏడ్చిన కళ్ళకు ఆ పిల్లలు కనబడలేదు.

1981లో సప్తపది. హరిజన యువకుడు హరిబాబు, బ్రాహ్మణ అమ్మాయి హేమ. జాతీయ సమైక్యతకు నర్గీస్ దత్ అవార్డు ఇచ్చారు. అందులో కష్టపడి మారేది ఎవరు? తాతగారు యాజులు. మథనం ఆయనది, గొప్పతనం ఆయనది, ఆఖరి అనుమతి ఆయనది. హరిబాబు చేయాల్సిందల్లా చక్కగా మురళి వాయించడం, మర్యాదగా ఎదురుచూడడం. నేనొకటే అడుగుతాను. ఆ పిల్లాడి చేతిలో మురళి బదులు డప్పు ఉంటే తాతగారి మనసు కరిగేదా? శాస్త్రాల పవిత్రతనే పడగొట్టాలని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో రాశాడు. నలభై అయిదేళ్ళ తర్వాత మన క్లాసిక్, శాస్త్రం తెలిసిన పెద్దాయన ఒప్పుకుంటే చాలని చెప్పింది.

‘ఆ కాలానికి అదే ఎక్కువ కదా సార్’ అని మీలో కొందరంటారు. ఏ కాలానికి? గూడవల్లి రామబ్రహ్మం మాలపిల్ల తీసింది 1938లో. బ్రాహ్మణ అబ్బాయి, మాల అమ్మాయి ప్రేమ అప్పటికే తెర మీదికి వచ్చేసింది. నలభై మూడేళ్ళ తర్వాత అదే గడప దగ్గర ఇంకా అనుమతి అడుగుతూ నిలబడితే దాన్ని ముందడుగు అనలేం.

ఇక స్వయంకృషి, 1987. హీరో చెప్పులు కుట్టే సాంబయ్య. చిరంజీవి కెరీర్‌లో మంచి పాత్రల్లో ఒకటి. కానీ పేరులోనే ఉంది తిరకాసు. చెప్పులు కుట్టేవాడికి కష్టపడే గుణం ఎప్పుడు తక్కువైంది? అతని ముందున్న గోడ బద్ధకం కాదు, కులం. ఈ సినిమాకు రెండేళ్ళ ముందు, 1985 జూలై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగునీటి చెరువును పాడుచేయొద్దని మాదిగ మనిషి నోరు తెరవడంతో రాజుకున్న గొడవ అది. స్వయంకృషితో బతుకుతున్నవాళ్ళే వాళ్ళందరూ. ఆ నెత్తుటి నుంచి దళిత మహాసభ పుట్టింది. తెర మీద మాత్రం శ్రమ గౌరవం గురించి నీతికథ పుట్టింది.

ఆ దశకంలోనే వేరే సినిమాలూ ఉన్నాయి. 1980లో గౌతమ్ ఘోష్ తీసిన మా భూమి. అందులో గద్దర్ తెర మీదికొచ్చి పాడాడు. ఆ గొంతు ఎవరి అనుమతీ అడగలేదు. 1988లో బి. నర్సింగరావు తీసిన దాసి. గడీలో దాసికి పేరుకు నీడ ఉంది, కానీ ఒళ్ళు తనది కాదు, కడుపులో బిడ్డ కూడా తనది కాదు. అర్చనకు ఉత్తమ నటి పురస్కారంతో కలిపి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. వీటిని తీసినవాళ్ళూ దళితులు కాదు, వీటినీ ప్రశ్నించాల్సిందే. అయితే ఇక్కడ కెమెరా దొర మనసు మారడం కోసం కాచుకు కూర్చోలేదు. అవార్డులున్నా, కళ ఉన్నా, ఇంటింటి జాబితాలో వీటి పేరు ఎందుకు వెనక్కి పోతుంది? ఇవి చూశాక ‘మన సంస్కృతి’ అని మురిసిపోవడం కష్టం కాబట్టి.

అందుకే హాస్టళ్ళలో, కాలేజీల్లో ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పేది ఇది. ఏ సినిమానూ తగలబెట్టకండి. సప్తపది వేయండి, మర్నాడు దాసి వేయండి. రెండింటి తర్వాతా ఒకే ప్రశ్న అడగండి: ఈ కథలో మారాల్సిన బాధ్యత ఎవరిది, మారినందుకు దండ ఎవరి మెడలో పడింది? జవాబు ఎవరూ చెప్పక్కర్లేదు, తెరే చెబుతుంది.

ఇంకో పని కూడా ఉంది. మీ వాడలో డప్పు కొట్టే తాత ఉన్నాడు. చిందు ఆడిన అవ్వ ఉంది. కారంచేడు, చుండూరు నాటి ఉద్యమాల్లో నడిచినవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు. మీ చేతిలో ఫోనుంది. వాళ్ళను మాట్లాడనివ్వండి, రికార్డు చేయండి, నాలుగు చోట్ల దాచండి. క్లాసిక్ అని వాళ్ళెవరో ముద్ర వేసేదాకా ఆగొద్దు. అప్పటికి ఆ గొంతులు ఉండవు.

జై భీమ్.