తాళాలు తీసే పుల్లలకి తోలు సంచి వద్దండి

పోయిన వారం జీడిమామిడి అంట్ల గురించి పోస్టు పెడితే, అంట్ల సంగతి వదిలేసి ఫోటోలో మూలన కనపడిన గుడ్డచుట్ట గురించే ఎక్కువమంది అడిగారు. ఒకాయనైతే "అదేంటి అన్నా, డాక్టరు సామాన్లా?" అన్నాడు. కాదండి. అవి తాళాలు తీసే పుల్లలు. కంగారు పడకండి, పూర్తిగా చదవండి.

మన పొలాల్లో మోటారు స్టార్టరు డబ్బాకి తాళం వేస్తాం. తాళంచెవి ఒక్కోసారి మడిలో పడిపోతుంది, ఒక్కోసారి పట్నం వెళ్లిన పిల్లాడి జేబులో ఉండిపోతుంది. అప్పుడు మనం చేసేది ఒకటే, సుత్తి తెచ్చి బాదడం. తాళం పోతుంది, డబ్బా గొళ్లెం వంగుతుంది, ఆ సందులోంచి వాన నీళ్లు దిగుతాయి. నాకూ అలాగే రెండుసార్లు అయ్యాక ఫోనులో వీడియోలు చూసి, పాడైన తాళాలు ముందేసుకుని నేర్చుకున్నాను. ఇప్పుడు అదో సరదా అయిపోయింది. సాయంత్రం పేకాట బదులు ఇది. ప్రపంచంలో ఈ సరదా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌కి అమెరికా నుంచి హాబ్స్ అనే ఆయన వెళ్లి, ఎవరూ తీయలేరని పేరున్న బ్రామా తాళాన్ని 16 రోజుల్లో 51 గంటలు కూర్చుని తీశాడు. పందెం సొమ్ము 200 గినీలు పట్టుకుపోయాడు. ఆయన ఓపికలో పదో వంతు కూడా నాకు లేదు. అలీగఢ్ లివర్ తాళం ఒకటి మూడు నెలలుగా నన్ను ఏడిపిస్తోంది.

సరే, అసలు విషయానికి వస్తాను. ఈ పుల్లలు అర మిల్లీమీటరు మందం ఉండే స్ప్రింగు స్టీలువి. తాళం లోపలి పిన్ను కదిలిందా లేదా అన్నది వేలికి తెలియాలి. పుల్ల మీద తుప్పు గింజంత లేచినా ఆ తెలివిడి పోతుంది. అందుకని ఆన్‌లైనులో చూసి మంచి తోలు సంచి తెప్పించాను. జిప్పు, లోపల అరలు, తోలు వాసన, చూడ్డానికి దర్జాగా ఉంది. ఉడుపుల రోజుల్లో అటక మీద పెట్టి మర్చిపోయాను. మూడు వారాల తర్వాత తీస్తే సంచి నిండా తెల్ల బూజు. పుల్లలు తోలుకి ఎక్కడ ఆనుకున్నాయో అక్కడ నల్లటి మచ్చలు, మచ్చల చుట్టూ ఎర్ర తుప్పు.

ముందు స్టీలే నాసిరకం అనుకున్నాను. తర్వాత బుర్రకి తట్టింది. కరక్కాయ మనకి తెలియనిదా? మనవాళ్లు అడవిలో ఏరి జీసీసీకి అమ్మేదే. ఆ కరక్కాయలో ఉండే వగరు, తంగేడు చెక్కలో ఉండే వగరు తోలు ఊనడానికి వాడతారు. ఆ వగరు, ఇనుము కలిస్తే నలుపు వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు చేసేది సరిగ్గా ఇదే. గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్లతో గీత గీస్తే నల్లగా పడుతుంది. వాళ్లు కావాలని గీసిన నల్ల గీత నా పుల్లల మీద ఉచితంగా పడింది. "ఇది క్రోము తోలు, కరక్కాయ తోలు కాదు" అని అమ్మేవాళ్లు చెప్తారు. అందులో ఆ వగరు లేకపోయినా ఊనేటప్పటి లవణాలు మిగులుతాయి. పైగా ఏ తోలైనా గాలిలో చెమ్మ పీలుస్తుంది. రాజస్థాన్‌లో చెల్లుతుందేమో గానీ, జూన్ నుంచి అక్టోబరు దాకా దుప్పటి కూడా ఆరని మన కొండల్లో చెల్లదు.

ఇంకో నష్టం కూడా చెప్పాలి, నవ్వకండి. ఎండలో ఆరబెట్టిన ఆ సంచిని మా కుక్క ఎత్తుకెళ్లి సగం నమిలేసింది.

తోలు వద్దంటే రెగ్జిన్ కొంటామంటారు. అది వగరు పట్టదు, నిజమే. కానీ లోపలికి పోయిన చెమ్మ బయటికి రాదు. రెండేళ్లకి పొరలు పొరలుగా లేచి పనిముట్లకి అంటుకుంటుంది. కొంతమంది సైకిల్ ట్యూబు ముక్కలో దోపుతారు. ఆ రబ్బరులో గంధకం ఉంటుంది, ఇత్తడి తాళంచెవులు పెడితే నల్లబడతాయి. వెదురు గొట్టం అందంగా ఉంటుంది, మన చేతి పని కూడా. కానీ పచ్చి వెదురు నీళ్లు వదులుతుంది, ఎండినది పురుగు పట్టి పొడి రాలుస్తుంది. నా ఓటు దానికి లేదు.

నా ఓటు గుడ్డచుట్టకే. పాత జీన్సు ప్యాంటు కాలు గానీ మందపాటి కాన్వాసు గానీ తీసుకోండి. కొత్త గుడ్డయితే గంజి పోయేలా రెండుసార్లు ఉతికి బాగా ఎండబెట్టండి, గంజికి చెమ్మా పురుగూ రెండూ చేరతాయి. సంతలో టైలరుకిస్తే పుల్లకో అర చొప్పున కుట్టేస్తాడు. పైన నాలుగు వేళ్ల వెడల్పు మడత వదలమనండి, చుట్టినప్పుడు పుల్లలు జారవు. ఇక బయటి వైపు మాత్రం తేనె మైనం పట్టించండి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకుంటుంది. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, గుడ్డకి రుద్ది, ఎండలో పరిస్తే లోపలికి ఇంకుతుంది. చినుకులు పడితే జారిపోతాయి. లోపలి వైపు మైనం వద్దు. పుల్లల్ని కుట్టుమిషను నూనె చుక్క వేసిన గుడ్డతో తుడిచి అరల్లో పెట్టండి. కొబ్బరినూనె రాస్తే మన వేళ్లకే జిడ్డు, నాలుగు రోజులకి కంపు.

పొలానికి తీసుకెళ్లేటప్పుడు ఆ చుట్టని డ్రిప్పు వేయగా మిగిలిన పీవీసీ పైపు ముక్కలో దోపి రెండు వైపులా మూతలు బిగిస్తాను. ఇంటికొచ్చాక మూత తీసేయాలి. తడి సామాను లోపల పెట్టి మూత బిగిస్తే తోలు కన్నా అదే చేటు. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న గింజల పొట్లాలు పారేయకండి, ఒకటి అందులో పడేయండి. అంటు కత్తికీ, కొమ్మలు కత్తిరించే కత్తెరకీ ఇదే పద్ధతి. తోలు ఒరలో ఏడాది ఉన్న అంటు కత్తి అంచు చూస్తే మీకే తెలుస్తుంది.

గుడ్డచుట్టే ఎందుకంటున్నానో ఇంకో కారణం ఉంది. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ మధ్య దగ్గర్లో ఒక పొలంలో మోటారు వైరు పోయింది. టీ కొట్టు దగ్గర ఎవరో "ఫలానా వాడి దగ్గర తాళాలు తీసే సామాన్లు ఉన్నాయి కదా" అన్నారట. నా మొహం మీద అనలేదు. విన్న రోజు అన్నం సయించలేదు. వైరు కోయడానికి తాళం తీసే పుల్ల దేనికని వాదించొచ్చు. కానీ నల్ల తోలు సంచి, దానికో జిప్పు, లోపల ఏముందో ఎవరికీ తెలియదు అన్నప్పుడు ఊరు అనుమానపడటం తప్పు కాదు. మర్నాడు పొద్దున్నే చుట్ట తీసుకెళ్లి రచ్చబండ మీద పరిచాను. తొమ్మిది అరలు, తొమ్మిది పుల్లలు. ఏది దేనికో చెప్పాను. పిల్లలు ఆడుకునే పాత తాళం ఒకటి తీసి చూపించాను. చుట్టకున్న గుణం అదే, విప్పితే అన్నీ కనపడతాయి, ఒక అర ఖాళీ అయితే వెంటనే తెలిసిపోతుంది. సంచిలో కలగలిపి పడేస్తే ఒకటి పోయినా మనకే తెలియదు. అది పోయి ఎవరి చేతిలో పడిందో చెప్పుకోలేం.

మన రాజవొమ్మంగి స్టేషను మీద 1922 ఆగస్టు 24న అల్లూరి వారి దళం పడి, లోపల బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరని విడిపించుకుపోయింది. ఆ కథ చెప్పి నన్ను ఆటపట్టించేవాళ్లు ఉన్నారు, "నువ్వు ఆ కాలంలో ఉండాల్సింది" అని. సరదా మాటే. కానీ మన సరదాకి హద్దు ఉంది. దొంగతనానికని పరాయి ఇంటి తాళం తీసి లోపలికి పోతే అది చట్టంలో కన్నం వేసినట్టే, చేతిలో ఉన్నది పుల్లైనా గునపమైనా ఒకటే. నేను నా తాళమే తీస్తాను, లేదంటే యజమాని పక్కన నిలబడి తియ్యమన్నది తీస్తాను. బీరువాలు, ఇంటి తలుపులు అసలు ముట్టను. రాత్రి పూట చుట్ట ఇల్లు దాటదు. మా అబ్బాయి అడిగినా నా ఎదుటే ఇస్తాను.

స్టార్టరు డబ్బా తాళాలు బిగుసుకుపోయినవాళ్లు ఆదివారం పొద్దున్న రండి. తాళం ఎవరిదో వాళ్లే రావాలి, మనిషి చేత పంపకండి. వచ్చేటప్పుడు ఇంట్లో పాత జీన్సు ప్యాంటు ఉంటే పట్టుకురండి. మైనం నా దగ్గర రెండు కేజీలు ఉంది.